ఏజెన్సీ బడిలో మాస్టారి ఉద్యోగం ఎవరిది?

2000 జనవరి 10న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో నంబర్ 3 తెచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల (గిరిజన ఏజెన్సీ) బడుల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అన్నది దాని సారాంశం. ఇరవై ఏళ్ల తర్వాత, 2020 ఏప్రిల్ 22న, సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టివేసింది. అప్పటి నుంచి సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, కురుపాం, సాలూరు వైపు చదువుకున్న కుర్రవాళ్లను ఎవరిని కదిపినా వినిపించేది ఒకటే: మా ఊరి బడిలో మాస్టారి ఉద్యోగం మాకు కాకుండా పోయింది. కొండ దిగి పాలకొండ, రాజాం, బొబ్బిలి వస్తే ఇంకో గొంతు: అదే జిల్లాలో పుట్టి, అదే డీఎడ్ చదివిన మాకు ఇరవై ఏళ్లపాటు దరఖాస్తు పెట్టుకునే వీలైనా ఎందుకు లేకపోయింది?

ఇద్దరూ తమకు జరిగింది వివక్షే అంటున్నారు. టీవీ చర్చల్లో ఇలాంటి వాదన వచ్చినప్పుడు మన కళ్ల ముందు నిలిచే బొమ్మ వేరు. ఒకవైపు రిజర్వేషన్ ఉన్నవాడు, మరోవైపు మార్కులు వచ్చినా ఉద్యోగం రాని ఓసీ కుర్రవాడు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు ఆ బొమ్మ సరిగా అతకదు. ఇక్కడ మైదానంలో డీఎస్సీ రాసేవాళ్లలో ఎక్కువ మంది తూర్పు కాపులు, కొప్పుల వెలమలు, కాళింగులు. అందరూ బీసీ జాబితాలోని వారే. మాల, రెల్లి కుటుంబాల పిల్లలు ఎస్సీలు. జీవో 3 వల్ల మా దారి మూసుకుపోయిందన్న వాళ్లలో చాలా మంది వేరే చోట రిజర్వేషన్ హక్కుదారులే. అందుకే 'ఎదురు వివక్ష', అంటే వెనుకబడిన వారికి చేసే మేలు మిగతావారికి వివక్ష అవుతోందన్న ఆరోపణను విడదీసి చూడడానికి ఈ కొండవాలు కంటే మంచి చోటు దొరకదు.

ఆ ఆరోపణకు పుట్టిల్లు అమెరికా. 1965లో అధ్యక్షుడు జాన్సన్ తెచ్చిన 11246 నంబరు ఉత్తర్వు ప్రకారం, ప్రభుత్వ కాంట్రాక్టులు తీసుకునే కంపెనీలు నల్లజాతి వారికి, ఇతర వెనుకబడిన వారికి ఉద్యోగాల్లో అవకాశం దక్కేలా ప్రత్యేకంగా చర్యలు తీసుకోవాలి. తెల్లవాళ్ల నుంచి కేసులు త్వరలోనే మొదలయ్యాయి. 1978లో బక్కీ కేసులో, ఒక వైద్య కళాశాల 100 సీట్లలో 16 విడిగా ఉంచడం చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడే వెబర్ కేసులో, ఒక అల్యూమినియం కర్మాగారం శిక్షణ స్థానాల్లో సగం నల్లజాతి కార్మికులకు కేటాయించడం తప్పు కాదంది. 2009లో న్యూహేవెన్ అగ్నిమాపక సిబ్బంది కేసులో మళ్లీ వెనక్కి తిరిగింది: నల్లజాతి వారు తగినంత మంది నెగ్గలేదని పదోన్నతి పరీక్ష ఫలితాలనే పక్కన పెట్టడం, నెగ్గిన వారి పట్ల వివక్ష అవుతుందంది. 2025 జనవరిలో ట్రంప్ జాన్సన్ ఉత్తర్వును రద్దు చేశారు. అదే ఏడాది జూన్‌లో, మెజారిటీ వర్గానికి చెందిన ఉద్యోగి వివక్ష కేసు వేస్తే అతని నుంచి అదనపు రుజువులు అడగకూడదని తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా తేల్చారు.

అక్కడ స్థిరపడిన మేనల్లుడు ఫోనులో ఈ సంగతులు చెప్పి, 'అమెరికాలోనే తీసేశారు, మనకింకా ఎందుకు మావయ్యా' అనడం మన వైపు మామూలైపోయింది. కానీ ఆ పోలిక కుంటిది. అక్కడి పౌరహక్కుల చట్టం జాతిని బట్టి ఉద్యోగంలో తేడా చూపవద్దంటుంది. మినహాయింపులు ఎక్కువగా కోర్టులు వెతికి పెట్టినవే, కాబట్టి కోర్టులే వాటిని తీసెయ్యగలవు. మన రాజ్యాంగం సమాన అవకాశాన్ని 16వ అధికరణంలో చెప్పి, అదే అధికరణం నాలుగో క్లాజులో వెనుకబడిన వర్గాలకు పోస్టులు కేటాయించవచ్చని రాసిపెట్టింది. 1976లో థామస్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, ఈ నాలుగో క్లాజు సమానత్వానికి మినహాయింపు కాదని, సమానత్వంలో భాగమేనని చెప్పింది. కాబట్టి రిజర్వేషన్ ఉండడమే వివక్ష అన్న వాదన మన కోర్టులో నిలబడదు. ఎంత, ఎవరికి, ఏ పద్ధతిలో అన్నవే ఇక్కడ నడిచే తగాదాలు.

మొదటి తగాదా మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పటిదే. అప్పట్లో కమ్యూనల్ జీవో ప్రకారం ప్రతి 14 ఉద్యోగాల్లో 6 బ్రాహ్మణేతర హిందువులకు, 2 వెనుకబడిన హిందువులకు, 2 బ్రాహ్మణులకు, 2 హరిజనులకు, ఒకటి ముస్లింలకు, ఒకటి ఆంగ్లో ఇండియన్లకు, క్రైస్తవులకు కలిపి. అంటే ఎవరి గది వారిది, ఓపెన్ అన్నది లేనే లేదు. జిల్లా మున్సిఫ్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన వెంకటరమణ అనే అభ్యర్థి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1951లో వచ్చిన తీర్పు హరిజనులకు, వెనుకబడిన హిందువులకు ఉంచిన వాటాను సమర్థించి, మిగతా గదుల గోడలు పడగొట్టింది. వాటా ఇవ్వవచ్చు కానీ అందరికీ తెరిచిన స్థలం అనేది లేకుండా చెయ్యకూడదన్న ఆలోచన అక్కడే ఉంది. 1992లో సుప్రీంకోర్టు ఇంద్రా సాహ్నీ తీర్పు రిజర్వేషన్లకు ఖరారు చేసిన 50 శాతం హద్దుకూ మూలం అదే.

ఇక్కడ ఒక లెక్క చెప్పుకోవాలి, ఎందుకంటే కోపమంతా ఈ లెక్క తెలియకపోవడం వల్లే పెరుగుతోందని నా అనుమానం. జిల్లాలో 100 పోస్టులు, పది వేల దరఖాస్తులు అనుకుందాం. మన రాష్ట్రంలో ఎస్సీలకు 15, ఎస్టీలకు 6, బీసీలకు 29, ఈడబ్ల్యూఎస్‌కు 10 పోతే మిగిలే ఓపెన్ పోస్టులు 40. ఉద్యోగం రానివాళ్లు 9,900 మంది. ఇప్పుడు రిజర్వేషన్లు పూర్తిగా ఎత్తేశారనుకోండి. అప్పుడూ ఉద్యోగం రానివాళ్లు 9,900 మందే. తేడా వచ్చేది మొత్తం మీద 100లోపు ర్యాంకు తెచ్చుకుని కూడా పోస్టు అందని వారికి మాత్రమే. వాళ్లు ఎంత లేదన్నా 60 మందికి మించరు. రిజర్వు పోస్టుల్లో చేరినవాళ్లలో కొందరి ర్యాంకు ఎలాగూ వందలోపే ఉంటుంది కాబట్టి అసలు సంఖ్య ఇంకా తక్కువ. కానీ 450వ ర్యాంకు వాడికీ, 3,000వ ర్యాంకు వాడికీ 'నా ఉద్యోగం రిజర్వేషన్ వాళ్లు తన్నుకుపోయారు' అనే అనిపిస్తుంది. అవనిగడ్డ కోచింగ్ సెంటర్లలో నెలలు గడిపి వచ్చినవాడికి ఈ మాట చెప్పడం కష్టమే. చెప్పకపోతే మాత్రం అతను ఎప్పటికీ తప్పు మనిషి మీద కోపం పెంచుకుంటాడు.

ఇంకో పొరపాటు, ఓపెన్ అంటే ఓసీల కోటా అనుకోవడం. అది ఎవరి కోటా కాదు. మంచి ర్యాంకు వచ్చిన బీసీ, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థి ఓపెన్‌లోనే లెక్కకు వస్తాడు, తన వర్గం వాటాలో కోత పడదు. 2020లో సౌరవ్ యాదవ్ కేసులోనూ సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది.

ఇంతవరకూ చెప్పిన లెక్క జీవో 3 దగ్గరకు వచ్చేసరికి పనికిరాదు. అక్కడ మొదటి ర్యాంకు వచ్చే సత్తా ఉన్న మైదాన అభ్యర్థి అసలు పోటీలోకే రాలేడు. అతను పోగొట్టుకున్నది ఉద్యోగమో కాదో చెప్పలేం; పోటీ పడే హక్కును మాత్రం పోగొట్టుకున్నాడు. ఎదురు వివక్ష అనే మాట ఎక్కడైనా న్యాయంగా వాడగలిగితే ఇక్కడే వాడాలి. పైగా ఆ జీవో బయట పెట్టింది మైదానం వాళ్లను మాత్రమే కాదు. అభ్యర్థి గానీ తల్లిదండ్రులు గానీ 1950 జనవరి 26 నుంచి ఆ షెడ్యూల్డ్ ప్రాంతంలోనే ఉంటూ ఉండాలని షరతు పెట్టింది. 1960లో షెడ్యూల్డ్ ప్రాంతం బయటి నుంచి వచ్చి సీతంపేట కొండల్లో స్థిరపడిన సవర తెగ కుటుంబం పిల్ల, అక్కడే పుట్టి పెరిగినా, ఈ నిబంధన ప్రకారం స్థానికురాలు కాదు.

ఆ జీవో ఎందుకు వచ్చిందో మరిచిపోతే తీర్పు సగమే అర్థమవుతుంది. ఏజెన్సీ బడుల్లో మాస్టార్లు ఉండేవారు కారు. పోస్టింగు కొండ మీద, కాపురం పార్వతీపురంలో. దారి లేదు, మలేరియా భయం, పిల్లల భాష రాదు. బదిలీ కోసం చూసేవాడు వారానికి రెండు రోజులు కనిపిస్తే గొప్ప. ఊళ్లోవాడికే ఉద్యోగమిస్తే కనీసం బడి తలుపు తెరుస్తాడన్నది ప్రభుత్వం లెక్క. 1986లోనే 275 నంబరు జీవోతో ఈ పని మొదలుపెట్టారు, ఉద్యోగ వివాదాలు చూసే పరిపాలనా ట్రిబ్యునల్ కొట్టివేసింది. 2000లో జీవో 3 గా మళ్లీ తెచ్చారు. ట్రిబ్యునల్ దాన్నీ కాదంది, 2001లో హైకోర్టు ఇద్దరు ఒకవైపు ఒకరు మరోవైపుగా సమర్థించింది, ఆపైన సుప్రీంకోర్టుకు చేరింది.

సుప్రీంకోర్టు తీర్పులోని చిక్కుముడి రాజ్యాంగం అయిదో షెడ్యూలుది. షెడ్యూల్డ్ ప్రాంతంలో పార్లమెంటు చట్టాన్ని గానీ శాసనసభ చట్టాన్ని గానీ వర్తించకుండా చేసే, మార్చి వర్తింపజేసే అధికారం అందులోని అయిదో పేరా గవర్నరుకు ఇస్తుంది. జీవో 3 ఆ అధికారం పేరుతోనే వచ్చింది. కోర్టు చెప్పిందేమిటంటే, ఆ అధికారం చట్టాల మీదే పనిచేస్తుంది, ప్రాథమిక హక్కుల మీద పనిచేయదు. ఉద్యోగ నియామక నిబంధనలు చట్టాల కోవలోకి రావు. స్థానికత లెక్కలను రాజ్యాంగం 371డి అధికరణం కింద రాష్ట్రపతి ఉత్తర్వు ముందే తేల్చింది, దాన్ని గవర్నరు దాటలేరు. గిరిజనులకు గిరిజనులే పాఠం చెప్పాలన్న ఆలోచననే ధర్మాసనం తీవ్రమైన మాటలతో తోసిపుచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ కలిపి అయిదు లక్షల రూపాయల ఖర్చులు విధించింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవారిని మాత్రం, ఇకముందు ఇలా చేయవద్దన్న షరతుతో, కదపలేదు.

నూటికి నూరు చెల్లదన్న నిర్ణయం వరకూ నాకు అభ్యంతరం లేదు. అక్కడికి చేరిన దారి మీద ఉంది. ఇంద్రా సాహ్నీ తీర్పులోనే, మారుమూల ప్రాంతాల్లో జనజీవన స్రవంతికి దూరంగా ఉన్నవారి విషయంలో 50 శాతం హద్దును జాగ్రత్తగా సడలించవచ్చని ఒక కిటికీ తెరిచి ఉంచారు. సీతంపేట కొండలు ఆ వర్ణనకు సరిపోకపోతే ఇంకేవి సరిపోతాయి? నూరు కుదరదు సరే, 60 కుదురుతుందా, 75 కుదురుతుందా అన్న ప్రశ్న మీద నిలిచి ఆలోచించే అవకాశం ఉండగా, కోర్టు అలాంటి అసాధారణ పరిస్థితి ఇక్కడ లేదంటూ దాటిపోయింది. ఫలితంగా లెక్క ఒక్కసారిగా 100 నుంచి 6కు పడిపోయింది. ఆ ఆరైనా రోస్టరులో, అంటే ఏ ఖాళీ ఏ వర్గానికో చెప్పే వరుసలో, ఎలా వస్తుందో చూడండి: ఎస్టీకి మొదటి పాయింటు 8వది, రెండోది 25వది. ఖాళీలు నాలుగైదుకు మించని సబ్జెక్టుల్లో ఆ పాయింటు రావడానికి రెండు మూడు డీఎస్సీలు పట్టవచ్చు. 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చినప్పుడు ఏజెన్సీకి ప్రత్యేక డీఎస్సీ కావాలని గిరిజన సంఘాలు గొంతెత్తింది అందుకే.

మైదానం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నకు, కొండ మీది వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నకు మధ్య భూమి ఉంది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయాక రగిలిన శ్రీకాకుళ పోరాటానికి మూలం భూమే. ఆ వేడిలోనే 1/70 చట్టం వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుడు గిరిజనుడి నుంచే కాదు, ఇంకో గిరిజనేతరుడి నుంచి కూడా భూమి కొనలేడు. ఇది కూడా ఒక వర్గానికి నూటికి నూరు తలుపు మూయడమే. అయినా 1988లో రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. భూమి విషయంలో న్యాయమైంది ఉద్యోగం విషయంలో అన్యాయం ఎలా అయింది? ఒక తేడా పద్ధతిది: 1/70 వచ్చింది గవర్నరు రెగ్యులేషనుగా, రాష్ట్రపతి ఆమోదంతో, జీవో 3 వట్టి నోటిఫికేషను. రెండో తేడా అసలైనది. భూమి గిరిజనుడి చేతిలో ఉన్నదాన్ని పోకుండా కాపాడడం. ప్రభుత్వ ఉద్యోగం పౌరులందరిదీ అయిన దాన్ని పంచడం. ఈ రెండో తేడాను ఒప్పుకోకుండా జీవో 3 కోసం వాదించేవాళ్లు ప్రతిసారీ కోర్టులో ఓడిపోతారు.

అసలు ఈ గొడవలో ఇద్దరు వాదిస్తున్నారు, ఇద్దరూ పెద్దవాళ్లే. ఒకటో తరగతిలో కూర్చున్న పిల్ల తరఫున ఎవరూ లేరు. ఇంట్లో సవర మాత్రమే విన్న పిల్లకు బడిలో మొదటి రోజే తెలుగు అక్షరాలు దిద్దిస్తే ఆమెకు ఏమి అర్థమవుతుంది? ఈ ప్రశ్నను మన జిల్లాలో వందేళ్ల కిందటే పట్టుకున్న మనిషి ఉన్నారు. 1863లో శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో మాస్టారిగా ఉంటూ సవర నేర్చుకున్నారు, సవర పిల్లలకు బడులు పెట్టారు, వాచకాలు రాశారు, వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. గిరిజనేతరుడు గిరిజనులకు చదువు చెప్పలేడన్న వాదానికి గిడుగు ఒక్కరే పెద్ద జవాబు. శ్రీకాకుళ పోరాటానికి నాయకులైన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం కూడా గిరిజనేతర మాస్టార్లే. కానీ కోర్టు తీర్పును మెచ్చుకునేవారు గిడుగు పేరు చెప్పుకునే ముందు, ఆయన ఏళ్ల తరబడి కష్టపడి భాష నేర్చుకున్నాకే పాఠం చెప్పారని కూడా చెప్పాలి. డీఎస్సీలో నెగ్గి సీతంపేటలో చేరే వారిని మనం ఆ మాట అడుగుతున్నామా?

దారి అక్కడే ఉందని నా నమ్మకం. 16వ అధికరణం రెండో క్లాజు మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టిన చోటు, నివాసం ఆధారంగా ఉద్యోగాల్లో తేడా చూపవద్దంటుంది. ఆ జాబితాలో భాష లేదు. సవర పిల్లలున్న బడిలో ప్రాథమిక తరగతుల పోస్టుకు సవర మాట్లాడడం, అర్థం చేసుకోవడం అర్హతగా పెడితే పుట్టుకతో తలుపు మూసినట్టు కాదు; నేర్చుకున్న ఎవరైనా రావచ్చు. సవర, కువి, కొండ సహా ఎనిమిది గిరిజన భాషల్లో తొలి తరగతుల బోధన మన రాష్ట్రం దాదాపు రెండు దశాబ్దాల కిందటే మొదలుపెట్టింది, పుస్తకాలు వేసింది. ఆ బోధన చేసే పనిని మాత్రం చాలీచాలని జీతంతో విద్యా వాలంటీర్ల నెత్తిన పెట్టి, పర్మినెంటు పోస్టుకు భాషతో సంబంధం లేకుండా ఉంచింది. ఉద్యోగం ఒకరిది, పని ఇంకొకరిది. ఎదురు వివక్ష మీద ఊగిపోయేవాళ్లు ఈ వివక్ష గురించి మాట్లాడగా నేను వినలేదు.

ఈ దారిలోనూ ముళ్లు ఉన్నాయి. ఇక్కడి మరో గిరిజన తెగ జాతాపుల్లో చాలా మందికి ఇంటి భాష తెలుగే. సవర అర్హత పెడితే సవరలకు మేలు, జాతాపు అభ్యర్థికి నష్టం. ఉద్యోగాల్లో జాతాపులే ముందుంటున్నారన్న మాట సవరల్లో ఎప్పటి నుంచో ఉన్నదే, కాబట్టి ఇది కొత్త తగవు తెస్తుంది. మైదానంలో ఇదే తగవు ఎస్సీల్లో నడిచింది. పారిశుద్ధ్యం పనికే పరిమితమైపోయిన రెల్లివాళ్లు, 15 శాతంలో తమ దాకా ఏమీ రావడం లేదన్నారు. 2004లో ఎస్సీ వాటాను ఉపకులాల వారీగా పంచే వర్గీకరణ చెల్లదన్న సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనంతో మాట మార్చుకుంది. 2025లో మన రాష్ట్రం రెల్లి, దాని ఉపకులాలకు 1 శాతం, మాదిగ ఉపకులాలకు 6.5, మాల ఉపకులాలకు 7.5 చొప్పున విడదీసింది. ఆ ఒక్క శాతమైనా విడిగా ఉండడం వల్లే అందేది, లేకపోతే అందనిది. అందులో నష్టపోయామనుకునే వారికి అదీ ఎదురు వివక్షలాగే కనిపిస్తుంది.

ప్రైవేటు ఉద్యోగాల ఊసు ఎత్తలేదేమని అడగవచ్చు. పైడిభీమవరం మందుల కంపెనీల్లో, విజయనగరం జూట్ మిల్లుల్లో కుల రిజర్వేషన్ లేదు, కాబట్టి ఆ పేచీ కూడా లేదు. 2019లో పరిశ్రమల్లో 75 శాతం స్థానికులకే ఇవ్వాలని రాష్ట్రం చట్టం చేసింది. అలాంటి హర్యానా చట్టాన్ని 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టివేసింది. కులం బదులు ఊరు వచ్చి కూర్చుంది, అంతే తేడా.

జీవో 3ని తిరిగి తెస్తామని నాయకులు చెబుతూనే ఉన్నారు. అదే రూపంలో తెస్తే అదే కోర్టులో అదే గతి పడుతుంది. కొత్త రెగ్యులేషను, గిరిజన సలహా మండలి తీర్మానం, రాష్ట్రపతి ఉత్తర్వులో సవరణ అనే దారులున్నాయి. ప్రాథమిక హక్కుల గీటురాయి మీద అవీ నిలబడాలి, అంటే నూరు కంటే తక్కువకు సిద్ధపడాలి. ఏ రూపంలో వచ్చినా ఆ ఫలం షెడ్యూల్డ్ ప్రాంతం గీత లోపలే ఆగుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక పాత రెండు జిల్లాల ఏజెన్సీ దాదాపు అంతా పార్వతీపురం మన్యంలోకి పోయింది. మందస, మెళియాపుట్టి కొండల్లోనూ, శృంగవరపుకోట వైపు కొండల్లోనూ ఆ గీతకు బయట మిగిలిన గిరిజన గూడేలు తమ ఊళ్లను అయిదో షెడ్యూలులో చేర్చమని ఏళ్లుగా అర్జీలు పెట్టుకుంటున్నాయి. వాళ్ల పిల్లలకు జీవో 3 ఉన్న ఇరవై ఏళ్లూ ఆ ఉద్యోగాలు లేవు, పోయాకా లేవు.